తప్పు పట్టేవారూ, తయారు చేసేవారూ

(ప్రసంగ పాఠం)

శ్రోతల ఉత్తరాలు చదవటం మా ఉద్యోగంలో ఒక భాగం. మెచ్చుకొనే ఉత్తరాలను చదివి సొరుగులో పెడతాము. తప్పు పట్టే ఉత్తరాలను చదివి రెండు రోజులు మనసులో పెట్టుకొంటాము. ఎన్నో ఏళ్లుగా మైకు ముందు కూర్చుంటున్నా ఈ అలవాటు నాకు పోలేదు. అందువల్ల గత నెలలో పుంగనూరు దగ్గరి గ్రామం నుంచి ఒక యువ శ్రోత వ్రాసిన ఉత్తరం అందినప్పుడు, అందులోని బాధ నాకు పరాయిదిగా తోచలేదు.

ఆ మిత్రుడు కుప్పంలో ఇంజనీరింగు చదివినారు. తండ్రి టమోటా రైతు. పంటను మదనపల్లి మార్కెట్ యార్డుకు తోలుకొని పోతారు. తూకం వేసిన నాడు చేతికి వచ్చిన చీటీలోని అంకెకూ, డబ్బు ముట్టేనాడు పుస్తకంలో కనబడే అంకెకూ ఎన్నోసార్లు పొంతన కుదరలేదట. ఒకసారి వ్రాసిన లెక్కను తరువాత ఎవరూ దిద్దలేని పద్ధతి ఒకటి ఉంటే బాగుండునని కొడుకుకు తోచినది. 14 నెలలు రాత్రింబవళ్లు కూర్చొని, క్రిప్టో విద్యను ఆధారం చేసుకొని అటువంటి పద్ధతిని తయారుచేసినారు. తయారైన దానిని ఆ విద్యలో ఆరితేరిన వారి ముందు పెట్టినారు. మెచ్చుకొంటారని ఆశపడితే నాలుగు వైపుల నుంచీ విమర్శలు వచ్చి పడినవి. ఉత్తరం చివర ఇట్లా వ్రాసినారు: "కంప్యూటరు మూసి ఆరు వారాలయినది. మళ్లీ తెరవాలని ఉన్నది; చేయి రావటం లేదు. ఏమి చేయమంటారు?"

ఈ ప్రశ్నకు నాకు తోచిన సమాధానమే ఈనాటి ప్రసంగం. క్రిప్టో అనే మాట ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ వినబడుతున్నది కాబట్టి, మిగిలిన శ్రోతలకు కూడా ఇది కొంత ఉపయోగపడవచ్చు.

మొదట ఆ మాటను విడదీసుకొందాము. క్రిప్టో అంటే నేడు చాలామందికి నాణెం: బిట్‌కాయిన్ వంటివి, ఈ రోజు కొని రేపు అమ్మేవి. కాని ఆ నాణేనికి మూలమైన విద్య వేరు. అది గూఢలిపి శాస్త్రం. మాటను దాచటం, దాచిన మాట చెదరలేదని ఋజువు చేయటం, సంతకం నిజమైనదని తేల్చటం దాని పనులు. మనం బ్యాంకుకు పోకుండా ఫోనులో డబ్బు పంపుతున్నామంటే ఆ విద్య చలవే. మన మిత్రుడు తయారు చేసినది నాణెం కాదు, లెక్కల పుస్తకం. అయితే ఈ రెండింటి పేరూ ఒకటే కావటం వల్ల, ఆయనకు తగిలిన దెబ్బలలో కొన్ని నాణేనికి తగలవలసినవి.

ఇక ఈ విద్య తెలిసినవారు ఇంత కఠినంగా ఎందుకు మాట్లాడతారు? వారి స్వభావం మాత్రమే దీనికి కారణం కాదు, ఆ విద్య నడిచే తీరే అటువంటిది. వంతెన కట్టినవాడు బరువెక్కించి చూపగలడు. వంటకం చేసినవాడు రుచి చూపగలడు. తాళం చేసినవాడు దాని గట్టితనాన్ని తానుగా చూపలేడు. తాను తెరవలేని తాళం చేయటం ఎవరికైనా సాధ్యమే. ఇతరులు తెరవలేరని ఎట్లా తెలుస్తుంది? తెలివైనవారు పదిమంది ఏళ్ల తరబడి ప్రయత్నించి, చేతకాక వదిలినప్పుడే కొంత నమ్మకం కలుగుతుంది. 1883లోనే అగస్త్ కెర్క్‌హాఫ్స్ అనే పండితుడు ఒక నియమం చెప్పినారు. తాళంచెవి ఒక్కటి తప్ప తక్కిన యంత్రాంగమంతా శత్రువుకు తెలిసినా తాళం నిలవాలి, అప్పుడే అది తాళం అన్నారు. ఆ నియమాన్ని నేటికీ ఈ విద్యలో అందరూ అంగీకరిస్తారు. దాని అర్థమేమిటంటే, చేసిన వస్తువును విప్పి బజారులో పెట్టి, పగులగొట్టండి అని పిలవవలె.

కుప్పం ప్రాంతంలో గ్రానైటు రాళ్లతో పనిచేసేవారిని చూచినవారికి ఇది కొత్త సంగతి కాదు. రాతి పనివాడు రాయిని చేతితో నిమిరి మెచ్చుకోడు, సుత్తితో తట్టి చెవి ఒగ్గుతాడు. ఖంగుమంటే రాయి గట్టిది. మొద్దుగా మోగితే లోపల ఎక్కడో పగులు ఉన్నది. ఆ సుత్తి దెబ్బలో రాయి మీద కోపమేమీ ఉండదు. పగులు ఉన్న రాయి దూలమై ఒకరి ఇంటిమీద నిలిచిన తరువాత బయటపడటం కంటే, ముందే బయటపడటం మేలు.

ఈ విద్యలో పగులు ఆలస్యంగా బయటపడితే ఏమవుతుందో 2016 జూన్ నెలలో లోకం చూచినది. ఎథీరియం అనే వ్యవస్థ మీద "ది డావో" అనే ఉమ్మడి నిధి ఒకటి వెలసినది. దాని వ్రాతలో ఉన్న ఒక లొసుగును పట్టుకొని ఎవరో 36 లక్షల ఈథర్ నాణేలను పక్కకు లాగినారు. లొసుగు ఉన్నదని హెచ్చరించినవారు ముందే ఉన్నారు. ఆ సొమ్మును వెనక్కు రప్పించటానికి జూలైలో పుస్తకాన్నే తిరగవ్రాయవలసి వచ్చినది; దానితో ఆ సమాజమే రెండుగా చీలినది. మన దేశంలో 2024 జూలైలో ఒక పెద్ద క్రిప్టో మారకపు సంస్థ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన సొత్తు దొంగల పాలయినది. ఆ సొత్తు వెనుక సాధారణ కుటుంబాలు దాచుకొన్న డబ్బు ఉన్నది. కనుక పరీక్షించేవారి గొంతు కఠినంగా ఉంటే, ఆ కాఠిన్యానికి కొంత కారణమున్నది.

విమర్శ ఎంత తీవ్రంగా ఉన్నా పని సాగించినవారి కథ ఒకటి చెబుతాను. 1974లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ మెర్కిల్ అనే విద్యార్థి ఉండేవారు. ముందుగా ఏ రహస్యమూ పంచుకోని ఇద్దరు మనుషులు, అందరూ వింటున్న తీగ మీద మాట్లాడుకొని కూడా తమ మధ్య ఒక రహస్యాన్ని ఏర్పరచుకోగలరా అని ఆయన ప్రశ్న. తరగతిలో చేయవలసిన పనిగా దానిని ప్రతిపాదించినారు. అధ్యాపకునికి అది అర్థం కాలేదు. మెర్కిల్ ఆ తరగతిని వదులుకొన్నారు గాని ప్రశ్నను వదలలేదు. మరొక అధ్యాపకుడు దాని విలువ గుర్తించి ప్రోత్సహించినారు. వ్యాసంగా వ్రాసి పత్రికకు పంపితే, ఈ శాస్త్రంలో నడుస్తున్న ఆలోచనకు ఇది దూరమని త్రిప్పి పంపినారు. అదే పత్రికలో ఆ వ్యాసం చివరకు 1978లో వెలువడినది. అప్పటికి డిఫీ, హెల్‌మన్ అనే ఇద్దరు 1976లోనే మరొక దారిలో అదే గమ్యం చేరి ప్రసిద్ధులయినారు.

ఇంతవరకు వింటే, "విమర్శకులు పొరబడ్డారు, నిర్మాత గెలిచినాడు" అనే సుఖాంత కథగా తోస్తుంది. అసలు పాఠం తరువాతి భాగంలో ఉన్నది. ఆ 1978లోనే మెర్కిల్, హెల్‌మన్ కలిసి మరొక తాళం చేసినారు. దానిని పగులగొట్టినవారికి 100 డాలర్లు ఇస్తానని మెర్కిల్ ప్రకటించినారు. 1982లో ఆది షమీర్ అనే శాస్త్రజ్ఞుడు పగులగొట్టినారు. మెర్కిల్ డబ్బు చెల్లించి, అదే పద్ధతిలోని మరింత గట్టి రూపానికి 1000 డాలర్ల పందెం కట్టినారు. 1984లో ఎర్నెస్ట్ బ్రికెల్ దానిని కూడా పగులగొట్టినారు. మెర్కిల్ ఆ డబ్బూ ఇచ్చినారు. మొదటిసారి విమర్శకులు పొరబడ్డారు. రెండవసారి, మూడవసారి నిర్మాత పొరబడ్డారు. మెర్కిల్ మాత్రం పని మానలేదు. ఆయన 1979లో కనిపెట్టిన ఒక ఉపాయం, వేలాది పత్రాలను చెట్టు కొమ్మల వలె జతజతగా కలిపి ఒక్క ముద్రలోకి మడవటం, నేడు బిట్‌కాయిన్ పుస్తకంలో ప్రతి పుటకూ ఆధారంగా ఉన్నది. తన తాళం పగిలితే తానే పగిలినట్లు ఆయన భావించి ఉంటే, ఆ చెట్టు నీడ ఎవరికీ దక్కేది కాదు.

ఇప్పుడు మన మిత్రుని పుస్తకానికి వద్దాము. అది ఎట్లా పనిచేస్తుందో ముందు చెప్పుకోవాలి. పూర్వం కరణంగారి లెక్కల పుస్తకంలో ఒక పుట చింపివేసి మరొక పుట కుట్టటం అసాధ్యమేమీ కాదు. అట్లా కాక, ప్రతి పుట అడుగున ఆ పుటలోని అక్షరాలన్నింటి నుంచి లెక్కకట్టిన ఒక ముద్ర వేసి, ఆ ముద్రను తరువాతి పుట మొదట కూడా వ్రాస్తే ఏమవుతుంది? పదవ పుటలో ఒక అంకె మార్చినా దాని ముద్ర మారుతుంది. దానితో పదకొండవ పుట, పన్నెండవ పుట, చివరిదాకా అన్నీ తప్పుతవి. ఈ ముద్రనే హ్యాష్ అంటారు. ఈ గొలుసునే బ్లాక్‌చెయిన్ అంటారు. ఇది దొంగతనాన్ని ఆపకపోవచ్చు, కాని దొంగతనాన్ని దాగనివ్వదు.

దీనిమీద వచ్చిన విమర్శలు నాలుగు. మొదటిది: ఇంత చిన్న పనికి బ్లాక్‌చెయిన్ ఎందుకు, మామూలు పుస్తకం చాలదా? రెండవది: రైతు తన రహస్యపు తాళంచెవిని పోగొట్టుకొంటే అతని లెక్క ఎవరు తెరుస్తారు? మూడవది: పుస్తకంలో వ్రాసినది తరువాత మారదు సరే, మొదటే తప్పు తూకం వ్రాస్తే? నాలుగవది: ఇదంతా మోసం, మరొక నాణెం అమ్ముకొనే ఎత్తుగడ.

ఆ మిత్రుడు ఈ నాలుగింటినీ ఒకే మూటగా కట్టి గుండె మీద పెట్టుకొన్నారు. మూట విప్పితే నాలుగూ నాలుగు రకాలని తెలుస్తుంది.

మూడవ విమర్శ అన్నింటిలోకీ బలమైనది. అది అభిప్రాయం కాదు, నిజమైన పగులు. ఎంత గట్టి గొలుసయినా, తప్పుడు తూకాన్ని కూడా అంతే గట్టిగా కాపాడుతుంది. ఈ లోటును ఏ గణితమూ తీర్చలేదు; తూకం దగ్గర ఇద్దరు సాక్షులు, రైతు కళ్ల ముందు అచ్చయ్యే చీటీ తీర్చవలె.

ఇటువంటి పాఠం మన రాజధానులలోనే ఒకచోట జరిగినది. దేశానికి ఓటింగ్ యంత్రాలు తయారుచేసే రెండు ప్రభుత్వ సంస్థలలో ఒకటి హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్. 2010లో హైదరాబాదుకే చెందిన ఇంజనీరు హరిప్రసాద్ అమెరికా, హాలండు దేశాల నిపుణులతో కలిసి ఒక యంత్రాన్ని పరీక్షించినారు. యంత్రం దుష్టుల చేతికి చిక్కితే ఫలితాన్ని మార్చే దారులు ఉన్నవని చూపినారు. తాము తీసుకొనే కట్టుదిట్టాల వల్ల అటువంటిది జరగదని ఎన్నికల సంఘం చెప్పినది. ఆ యంత్రం దొంగతనం కేసులో ఆ ఆగస్టులో హరిప్రసాద్‌ను అరెస్టు చేసినారు. తరువాత బెయిలు మీద విడుదలయినారు. 2013లో, వేరొక వ్యాజ్యంలో, ఓటరు తన ఓటును కాగితం మీద చూచుకొనే ఏర్పాటు ఉండవలెనని సుప్రీంకోర్టు చెప్పినది. 2019 సార్వత్రిక ఎన్నికలలో ఆ కాగితపు చీటీ యంత్రం ప్రతి పోలింగు కేంద్రంలోనూ కనబడినది. యంత్రాలు నమ్మదగినవా కావా అనే వాదం ఇక్కడ మన విషయం కాదు. నేను చెప్పదలచినది ఇంతే: పరీక్షించినవారిని శత్రువులుగా చూచినంతకాలం వాదం పెరిగినది, "సామాన్యునికి కళ్లారా కనబడే ఋజువు ఏది?" అనే ప్రశ్నకు జవాబు వెదికినప్పుడు ఒక మంచి ఏర్పాటు వచ్చినది. మన మిత్రుని రైతుకు కావలసినదీ అదే.

రెండవ విమర్శ సగం నిజం. తాళంచెవి పోవటం తథ్యం. పొలం పనిలో ఫోను నీళ్లలో పడుతుంది, కాగితం చెదలు తింటుంది. కాని దీనికి మందు ఉన్నది. ఒక రహస్యాన్ని ఐదు ముక్కలు చేసి, ఏ మూడు కలిసినా తెరుచుకొనేటట్లు, రెండు కలిసినా ఏమీ తెలియనట్లు చేయవచ్చునని 1979లో ఒకరు చూపినారు. ఒక ముక్క భార్య దగ్గర, ఒకటి కొడుకు దగ్గర, ఒకటి మహిళా సంఘం దగ్గర, ఇట్లా పంచి ఉంచవచ్చు. ఆ ఉపాయం చెప్పినవారు మరెవరో కాదు, మెర్కిల్ తాళాన్ని పగులగొట్టిన ఆది షమీరే. పగులగొట్టిన చేయే కాపాడే తాళం కూడా చేసినది. విమర్శకుని ఇంటికి పోతే తిట్లే కాదు, ఒక్కొక్కప్పుడు మందు కూడా దొరుకుతుంది.

మొదటి విమర్శ వినటానికి చేదుగా ఉంటుంది, ఎందుకంటే అది 14 నెలల శ్రమను తాకుతుంది. కాని అది చాలామటుకు సత్యమని నా నమ్మకం. 1991లో హేబర్, స్టార్నెటా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, పత్రాలకు తేదీ ముద్ర వేసే గొలుసును రూపొందించినారు. బిట్‌కాయిన్ రావటానికి 17 సంవత్సరాల ముందు మాట ఇది. 1995 నుంచి వారి సంస్థ ఆ గొలుసు ముద్రను వారం వారం న్యూయార్క్ టైమ్స్ దినపత్రికలో చిన్న ప్రకటనగా అచ్చువేయించినది. ఇందులో నాణెం లేదు, వేలాది యంత్రాల పోటీ లేదు. పత్రిక ప్రతులు ఇంటింటా ఉండగా ఆ ముద్రను ఎవరు మార్చగలరు? మదనపల్లి యార్డులోనూ రోజువారీ ముద్రను నోటీసు పలక మీద అంటించి, పదిమంది రైతుల ఫోన్లకు పంపితే, పని చాలావరకు నెరవేరుతుంది.

నాలుగవ విమర్శ, మోసమన్న మాట, నిందే గాని పరీక్ష కాదు. దానికి జవాబు కోపం కాదు. గొలుసు పథకాలలో, పేరు తెలియని నాణేలలో డబ్బు పోగొట్టుకొన్న కుటుంబాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నవి. కాలినవాడు మజ్జిగను కూడా ఊదుకొని త్రాగుతాడు. ఇక్కడ శ్రోతలకు ఒక మాట మనవి చేయాలి. 2022 నుంచి మన దేశంలో క్రిప్టో నాణేల లాభం మీద 30 శాతం పన్ను ఉన్నది. పన్ను వేసినంత మాత్రాన అది ప్రభుత్వం హామీ ఇచ్చిన ద్రవ్యం కాదు. రెట్టింపు లాభమని ఎవరైనా ఇంటికి వచ్చి చెబితే, అనుమానించటమే గృహస్థుని ధర్మం. అటువంటి లోకంలో మన మిత్రుని నిజాయితీకి ఋజువు ఒక్కటే: ఎవరి దగ్గరా డబ్బు అడగకుండా, వ్రాసినదంతా విప్పి చూపటం.

చూడండి, నాలుగు విమర్శలలో ఒకటి నిజమైన పగులు, ఒకటి తీరే లోపం, ఒకటి మంచి సలహా, ఒకటి పాత గాయం నుంచి వచ్చిన నింద. నాలుగింటికీ ఒకే రకంగా బాధపడవలసిన పని లేదు.

అయినా బాధ కలుగుతుంది. ఎందుకు కలుగుతుంది? ఇదే ఈ ప్రసంగంలో నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట. మన ఉత్సాహాన్ని మనం చేసిన పనిముట్టుకు కట్టివేస్తే, పనిముట్టు మీద పడిన ప్రతి దెబ్బా మన మీదనే పడుతుంది. ఉత్సాహాన్ని ఆ పనిముట్టు ఎవరి కోసమో వారికి కట్టివేస్తే, అదే దెబ్బ మనకు సాయం చేస్తుంది. ఆ మిత్రుడు పని మొదలుపెట్టినది బ్లాక్‌చెయిన్ కోసం కాదు, తండ్రి చీటీలోని అంకె కోసం. విమర్శకులలో ఒక్కరైనా తండ్రికి న్యాయం అక్కరలేదన్నారా? అనలేదు. ఆ న్యాయానికి ఈ దారి సరిపోదన్నారు. దారి మార్చుకోవచ్చు, పయనం మానవలసిన అవసరం లేదు.

బిట్‌కాయిన్ కథలో కూడా ఇదే కనబడుతుంది. 2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అనే మారుపేరు గలవారు తమ ప్రతిపాదనను గూఢలిపి నిపుణుల ముందు పెట్టినప్పుడు మొట్టమొదట వచ్చిన జవాబు, ఇటువంటిది మాకు ఎంతో కావలె గాని ఇది కావలసినంత పెద్దదిగా పెరగలేదు అనే భావం గలది. అవసరాన్ని ఒప్పుకొని, ఉపాయాన్ని కాదన్నారు. హాల్ ఫిన్నీ అనే నిపుణుడు ఆసక్తి చూపుతూనే గట్టి ప్రశ్నలు వేసినారు. 2009 జనవరిలో ఆ కార్యక్రమం విడుదల కాగానే తమ యంత్రంలో నడిపి చూచి, కనబడిన లోపాలను ఒక్కొక్కటిగా వ్రాసి పంపినారు. సతోషి వాటిని దిద్దినారు. ఆ నాణెం వల్ల లోకానికి మేలు ఎంత, కీడు ఎంత అన్నది వేరే చర్చ. ఆ మొదటి పెరుగుదల సంగతి కూడా ఇప్పటికీ తేలని వాదమే. నిర్మాతకు అందులో నేర్వదగినది ఒకటున్నది: వందమంది మాటల కంటె, వస్తువును చేతపట్టి వాడి చూచిన ఒక్కని మాట విలువైనది. అటువంటివాడు ఒక్కడు దొరికితే చాలు.

వాదాన్ని మాటలతో గెలవవచ్చునా అని అడిగేవారికి మదనపల్లిలోనే ఒక ఉదాహరణ ఉన్నది. ఊరికి దగ్గరలో 1915 నుంచి ఉన్న ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం పేరు చాలామంది విన్నదే. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకా పని ప్రయోగంగా మొదలైనది మదనపల్లిలో. తరువాత దేశమంతటా ఆ టీకా వేస్తుండగా 1955లో రాజాజీ అంతటివారు దానిని బహిరంగంగా వ్యతిరేకించి చిన్న పుస్తకం కూడా వ్రాసినారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల శరీరంలోకి బ్రతికి ఉన్న సూక్ష్మజీవులను ఎక్కించటం తగదని, దాని మేలుకు తగిన ఋజువు లేదని వారి వాదం. ఆ కాలంలో ఆ మాటకు ఎంత బరువు ఉండేదో పెద్దలకు జ్ఞాపకముండే ఉంటుంది.

ఆరోగ్యవరం వైద్యులు చేసిన పని ఏమిటి? 1950 నుంచి చుట్టుపక్కల పల్లెలలో టీకా వేసినవారినీ వేయనివారినీ ఏళ్ల తరబడి వెంబడించి లెక్క వ్రాసినారు. డాక్టర్ ఫ్రిమోట్ మోలర్, వారి సహచరులు 1964లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ఫలితాలను ప్రకటించినారు. మొదటి ఏళ్లలో కొంత రక్షణ కనబడినది. పోను పోను అది తగ్గినది. తరువాత 1968లో చెంగల్పట్టులో మొదలైన మరింత పెద్ద పరిశోధన, పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను ఈ టీకా ఆపలేదని తేల్చినది. మరొక వైపు, పసిపిల్లలకు వచ్చే మెదడుపొర క్షయ వంటి ప్రాణాంతక రూపాల నుంచి అది కాపాడుతుందని స్థిరపడినది. అందువల్లనే నేటికీ మన దేశంలో పుట్టిన బిడ్డకు ఆ టీకా వేస్తున్నారు. సమర్థించినవారు ఆశించినంత మేలు అందులో లేదు. వ్యతిరేకించినవారు భయపడినంత వ్యర్థమూ కాదు. ఆ సత్యాన్ని తేల్చినది ఉపన్యాసం కాదు, పల్లె పల్లెకూ తిరిగి వ్రాసిన లెక్క. తమ టీకా మీద ఎంత నమ్మకమున్నా, తగ్గిన అంకెను తగ్గినట్లే ప్రకటించటంలో ఆ వైద్యుల గొప్పతనమున్నది.

మన మిత్రుడు కూడా అట్లాగే చేయవచ్చు. యార్డు అంతటికీ కాక, తెలిసిన పదిమంది రైతులతో ఒక పంటకాలం నడిపి చూడవచ్చు. ఎన్ని చీటీలు వ్రాసినారు, ఎన్నింటిలో తేడా వచ్చినది, ఎందరు తాళంచెవి పోగొట్టుకొన్నారు అని ఒక నోటు పుస్తకంలో వ్రాసుకోవచ్చు. ఆ అంకెలు బాగుండకపోతే, ఆపివేయటం కూడా గౌరవమైన పనే. రైతు కోసం మొదలుపెట్టినది రైతు కోసమే ఆపితే అందులో ఓటమి లేదు.

చిన్నదిగా చేయటానికి సిగ్గుపడవద్దని కూడా చెప్పాలి. పుంగనూరు పేరు దేశమంతా తెలియటానికి కారణం ఒక పొట్టి ఆవు. పాల కుండల లెక్కలో పెద్ద జాతులతో అది పోటీ పడలేదు. ఆ లెక్క ఒక్కటే చూచినకాలంలో అది దాదాపు కనుమరుగయినది. కొద్దిపాటి మేతతో, వానలు మొగం చాటేసిన సీమలో బ్రతికి ఇంటికి పాలు ఇవ్వటం దాని పని. ఇప్పుడు పలమనేరు పశు పరిశోధనా కేంద్రంలో ఆ జాతిని కాపాడుతున్నారు. వస్తువు ఏ పనికి పుట్టినదో ఆ పనితో దానిని కొలవవలె. పదిమంది రైతుల చీటీలను కాపాడే పుస్తకాన్ని, లోకమంతటి ద్రవ్యాన్ని మార్చలేదని ఎవరైనా తప్పు పడితే, ఆ తప్పు మనది కాదు.

ఇక రోజువారీ అలవాటు గురించి రెండు మాటలు. విమర్శను రాత్రిపూట చదవవద్దు. రాత్రి చదివిన మాట రెండింతలుగా వినబడుతుంది. చదివినదానిని స్వంత మాటలలో ఒక్క వాక్యంగా వ్రాసుకోండి. ఎత్తిపొడుపులన్నీ రాలిపోయి ప్రశ్న ఒక్కటే మిగులుతుంది. ఏ ప్రశ్నా మిగలకపోతే ఆ ఉత్తరానికి జవాబు అక్కరలేదు. జవాబు ఇవ్వవలసి వస్తే ఒక రోజు ఆగి ఇవ్వండి. వారానికి ఒక్కసారైనా తండ్రిగారితో కలిసి యార్డుకు వెళ్లండి. ఈ పని ఎందుకు మొదలుపెట్టినామో అక్కడ గుర్తుకు వచ్చినట్లు కంప్యూటరు ముందు గుర్తుకు రాదు.

మిత్రమా, మీ ఉత్తరానికి నా జవాబు ఇది. రేపు ఉదయం కంప్యూటరు తెరవండి. మొదట ఆ మూడవ విమర్శ వ్రాసినవారికి కృతజ్ఞత తెలుపుతూ ఒక ఉత్తరం వ్రాయండి. తరువాత తూకం దగ్గర రైతు చేతికి ఏ చీటీ ఇవ్వవలెనో ఆలోచించండి. తక్కినవి ఒకటి తరువాత ఒకటి చూచుకోవచ్చు.

శ్రోతలకు కూడా ఒక మనవి. ఈ ప్రసంగంలో మీకు తప్పులు కనబడితే తప్పక వ్రాయండి. రెండు రోజులు మనసులో పెట్టుకొంటాను. మూడవ రోజు దిద్దుకొంటాను.